8లో 7: 1976లో ప్రూడోమ్ ఆర్మీ మోంజా అంత ఏకపక్షంగా ఎలా గెలిచింది?

కొలంబస్_కిట్టు
1975లో 8 జాతీయ పోటీల్లో 6. 1976లో 8లో 7. రెండేళ్లు కలిపితే 16కి 13. అమెరికా డ్రాగ్ రేసింగ్‌లో (పావు మైలు నేరు దారి మీద రెండేసి బండ్ల పందెం) డాన్ 'స్నేక్' ప్రూడోమ్ నడిపిన, సైన్యం స్పాన్సర్ చేసిన ఆర్మీ మోంజా ఫన్నీ కార్ (మామూలు కారులా కనిపించే ఫైబర్‌గ్లాస్ బాడీ తొడిగిన రేసు బండి) గురించి ఎక్కడ మాట మొదలైనా చివరికి తేలేది ఒక్కటే: "సైన్యం డబ్బులు పోసింది, ఆయన గెలిచాడు." విని విని విసుగొచ్చింది. పక్క లేన్‌లో నిలబడ్డ బండిలోనూ హెమీ జాతి (అర్ధగోళం ఆకారపు దహన గది ఉన్న) ఇంజనే, 6-71 కుటుంబం బ్లోయరే (ఇంజన్‌లోకి గాలి తోసే యంత్రం), అదే నైట్రో (నైట్రోమీథేన్ ఇంధనం). సామాను అంతా అంగట్లో దొరికేదే. మరి తేడా ఎక్కడుంది? ఇంజన్ పని, క్లచ్ పని తెలిసినవాళ్లు లెక్కలతో చెప్పండి. "స్నేక్ అంటే స్నేకే" లాంటి భజన వద్దు.

జంగిల్_అభిమాని
ఓడిన మూడూ చెప్పకుండా గెలిచిన పదమూడే చెబితే ఎలా. 1975 ఇంగ్లిష్‌టౌన్ సమ్మర్‌నేషనల్స్ మా జంగిల్ జిమ్ లిబర్‌మన్‌ది. ఎన్‌హెచ్‌ఆర్‌ఏ (అమెరికా డ్రాగ్ రేసింగ్ సంఘం) జాతీయ పోటీల్లో ఆయన గెలిచింది అదొక్కటే. అదే ఏడు ఇండియానాపొలిస్ ఫైనల్లో బ్లూ మ్యాక్స్ బండితో రేమండ్ బీడిల్ ప్రూడోమ్‌ని ఓడించాడు. 1976లో మళ్లీ ఇండీ (ఇండియానాపొలిస్) ఫైనల్లోనే గ్యారీ బర్గిన్ ఓడించాడు. అంటే 1976లో ఎనిమిదికి ఎనిమిది పోటీల్లోనూ ప్రూడోమ్ ఫైనల్ చేరాడు. ఏడు గెలవడం కంటే నాకు ఇదే పెద్ద విషయం.

బెజవాడ_బోల్టు
భజన వద్దంటే సరే, కానీ డబ్బు మాట తీసిపారేయకండి. అప్పట్లో చాలా జట్లకి ఒక ఇంజన్, ఇద్దరు మనుషులు, ఒక ట్రక్కు. వారం మధ్యలో ఏదో ఊళ్లో మ్యాచ్ రేసు (డబ్బిచ్చి పిలిచే ప్రదర్శన పందెం) ఆడి, పిలిచినందుకు ఇచ్చే డబ్బుతోనే పిస్టన్లు కొనేవాళ్లు. కాస్త గీత పడిన పిస్టన్ని "ఇంకో రెండు పరుగులు ఆగుతుందిలే" అని మళ్లీ బిగించేవాళ్లు. డబ్బున్నవాడు చెత్తబుట్టలో వేస్తాడు. రేసు అక్కడే తేలిపోతుంది.

కొలంబస్_కిట్టు
@బెజవాడ_బోల్టు గారూ, సైన్యం పేరు ఆయన బండి మీదికి 1974లోనే వచ్చింది. ఆ ఏడు టైటిల్ ఎవరిది? షర్ల్ గ్రీర్‌ది. డబ్బొక్కటే చాలితే 1974 కూడా ఆయనదే కావాలిగా.

బెజవాడ_బోల్టు
మంచి ప్రశ్నే. డబ్బుకి ఫలితం కనబడటానికి ఓ ఏడాది పడుతుంది 😄

పిస్టన్_పంతులు
కిట్టు అడిగినదానికి నాకు తెలిసిన జవాబు: మిగులు. పక్కవాడి కంటే పదో వంతు సెకను వేగంగా పోయే బండి ఉంటే ఆ పదో వంతును ప్రతి రౌండులోనూ వాడక్కర్లేదు. ఇంజన్‌ని ఒక మెట్టు దించి నడుపుతావు. దించి నడిపిన ఇంజన్ సామాను పాడు చేసుకోదు. సామాను పాడు కాకపోతే తర్వాతి రౌండుకి అదే ఇంజన్, అదే క్లచ్‌తో వస్తావు, బండి కిందటిసారి పోయినట్టే పోతుంది. ఎదుటివాడికి ఆ మిగులు లేదు. అందుకని నైట్రో శాతం పెంచుతాడు, టైమింగ్ ముందుకు జరుపుతాడు, ఇంధనం తగ్గిస్తాడు. ఒక్కసారి తగిలితే గెలుస్తాడు, మూడుసార్లు కాల్చుకుంటాడు.

నైట్రో ఇంజన్‌ని ఎక్కువ తక్కువ చేసే మీటలు నాలుగైదే. నైట్రో శాతం ఒకటి. బ్లోయర్ ఓవర్‌డ్రైవ్ ఒకటి: కింది పుల్లీకి 60 పళ్లు, పై పుల్లీకి 50 ఉంటే 20 శాతం ఓవర్, అంటే క్రాంకు 7000 తిరిగితే బ్లోయర్ 8400 తిరుగుతుంది. మ్యాగ్నెటో (ప్లగ్గుకి నిప్పురవ్వ ఇచ్చే పరికరం) టైమింగ్ ఒకటి. ఇంధనం తిరుగు పైపులో వేసే జెట్టు ఒకటి. కంప్రెషన్ కూడా ఉంది, కానీ అది రౌండ్ల మధ్య ముట్టుకునేది కాదు. తెలివైన జట్టు ఒకసారికి ఒక్కటే మారుస్తుంది. మూడు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో, ఏది ముంచిందో తెలియదు. సీజన్ మొత్తం గెలిచే జట్టు పుస్తకంలో ప్రతి పరుగుకీ ఒక వరస ఉంటుంది: గాలి ఒత్తిడి, వేడి, తేమ, శాతం, జెట్టు, క్లచ్ బరువు, ప్లగ్గుల రంగు.

సీతాకోక_వాల్వు
తిరుగు పైపు జెట్టు దగ్గర కొత్తవాళ్లందరూ బోల్తా పడతారు కాబట్టి చెబుతున్నా. పంపు క్యామ్‌తో పాటు తిరుగుతుంది, ఇంజన్‌కి కావలసిన దానికంటే ఎక్కువే తోస్తుంది. మిగిలింది జెట్టు గుండా ట్యాంకుకి వెనక్కి పోతుంది. అందుకని ఆ జెట్టు రంధ్రం పెద్దదైతే ఇంజన్‌కి ఇంధనం తగ్గుతుంది, చిన్నదైతే పెరుగుతుంది. కార్బ్యురేటర్ అలవాటుతో "పెద్ద జెట్టు అంటే ఎక్కువ ఇంధనం" అనుకుని పెద్దది వేస్తే మధ్యలోనే పిస్టన్లు కరుగుతాయి.

పోర్టు నాజిళ్ల సంగతి వేరే. అవి సిలిండర్‌కి ఒకటి చొప్పున ఉంటాయి, అక్కడ పెద్దదంటే ఎక్కువే. బ్లోయర్ కింద గాలి ఎనిమిది సిలిండర్లకీ సమానంగా పంచబడదు కాబట్టి నాజిళ్లు కూడా ఒకే సైజువి ఉండవు. ప్లగ్గులు చూసి ఒక్కొక్కటీ సరిచేయాలి.

కరీంనగర్_క్రాంకు
నైట్రో నైట్రో అంటున్రు గానీ పెట్రోలుకీ దానికీ లెక్క ఎట్లుంటదో ఒకసారి చెప్పున్రి. కిలోకి శక్తి చూస్తే పెట్రోల్‌దే ఎక్కువ గదా?

పిస్టన్_పంతులు
కిలోకి చూస్తే అవును. పెట్రోల్ సుమారు 44 మెగాజౌళ్లు, నైట్రోమీథేన్ 11.3. కానీ ఇంజన్‌కి కరువు ఇంధనం కాదు, గాలి. ఒక కిలో పెట్రోల్ పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. నైట్రో తన ఆక్సిజన్ తనే తెచ్చుకుంటుంది కాబట్టి 1.7 కిలోలు చాలు. అంటే ఒక కిలో గాలికి పెట్రోల్‌తో వచ్చేది 3 మెగాజౌళ్లు, నైట్రోతో 6.6. రెండింతల పైన. దానికి తోడు అవసరమైన దానికంటే బాగా ఎక్కువే పోస్తారు. ఆవిరయ్యేటప్పుడు వేడిని లాక్కుని సిలిండర్‌ని చల్లబరుస్తుంది కూడా. పిస్టన్ బతికేది దానివల్లే.

కరీంనగర్_క్రాంకు
మస్తు. మరి వంద శాతం పోస్తే అయిపాయె గదా.

సీతాకోక_వాల్వు
మిథనాల్ కలిపేది ఊరికే కాదు. అది డిటొనేషన్‌ని (ఇంధనం మెల్లగా కాలకుండా ఒక్కసారిగా పేలడాన్ని) అదుపులో పెడుతుంది. ఇప్పటి ఎన్‌హెచ్‌ఆర్‌ఏ పెద్ద తరగతుల్లో 90 శాతం దాటకూడదు. ఆ రోజుల్లో ఎంత కలపాలన్నది జట్టు ఇష్టం, జట్టు ధైర్యం. చల్లటి సాయంత్రం దట్టమైన గాలిలో 90 మోసే ఇంజన్ మధ్యాహ్నం ఎండలో వేరేలా ప్రవర్తిస్తుంది.

కొలిచే దగ్గరే చాలామంది తప్పుతారు. నైట్రో సాంద్రత 20 డిగ్రీల దగ్గర 1.137, మిథనాల్ 0.791. ఘనపరిమాణంలో 90 శాతం కలిపితే దాదాపు 1.10 వస్తుంది. ఒక శాతం మారితే హైడ్రోమీటర్ మీద తేడా 0.0035 మాత్రమే. ఇదే మిశ్రమం 10 డిగ్రీలు వేడెక్కితే సాంద్రత 0.013 వరకు పడిపోతుంది. అంటే ఎండలో పెట్టిన డబ్బా శాతాన్ని సుమారు నాలుగు తక్కువ చూపిస్తుంది. అది చూసి "తగ్గింది" అని ఇంకాస్త నైట్రో పోస్తే, చేతిలో 90 ఉందనుకుంటూ 94తో లైన్‌కి వెళ్తావు. హైడ్రోమీటర్ పక్కన థర్మామీటర్ లేకపోతే ఆ కొలతకి విలువ లేదు.

బెజవాడ_బోల్టు
ఈ ఒక్క పేరా కోసమైనా ఈ చర్చ ఉంచాలి.

జంగిల్_అభిమాని
ఇంజన్ గురించి ఇంత రాసి క్లచ్ ఊసే ఎత్తలేదు. నైట్రో బండిలో రేసు గెలిపించేది క్లచ్. ఎవరైనా రాయండి, లేకపోతే @క్లచ్_కుమార్ ని లేపుతా.

క్లచ్_కుమార్
లేచే ఉన్నాను.

ఇంజన్‌లో ఉన్న బలం మొత్తం ఒక్కసారి టైరుకి ఇస్తే టైరు తిరుగుతుంది, బండి కదలదు. అందుకని క్లచ్‌ని కావాలనే కొంతసేపు జారనిస్తారు. స్లైడర్ క్లచ్‌లో సింటర్డ్ ఇనుప డిస్కులు, వాటి మధ్య ఫ్లోటర్ ప్లేట్లు ఉంటాయి. నొక్కే బలం రెండు చోట్ల నుంచి వస్తుంది. స్ప్రింగులది మొదట్నుంచీ ఉండే బలం. లీవర్ల చివర బోల్టులు, వాషర్లతో వేసే బరువు ఇచ్చేది తిరిగే వేగంతో పెరిగే బలం. ఆ రెండోది వేగం వర్గంతో పెరుగుతుంది, అంటే తిరుగుడు 10 శాతం పెరిగితే నొక్కుడు 21 శాతం పెరుగుతుంది. అందుకే లీవర్ మీద కొన్ని గ్రాముల తేడాకే సగం దూరం దగ్గర బండి పూర్తిగా మారిపోతుంది.

ట్రాక్ పట్టు ఇస్తుంటే బరువు కలుపుతారు, త్వరగా బిగుసుకుంటుంది. ఎండకి ట్రాక్ జారుతుంటే బరువు తీస్తారు. బరువు ఎక్కువైతే టైరు వదిలేస్తుంది, లేదా వణుకు మొదలవుతుంది. తక్కువైతే క్లచ్ చివరి వరకు జారుతూనే ఉంటుంది, డిస్కులు ఎర్రబారతాయి, ఫ్లోటర్లు వంకర పోతాయి, ఒక్కోసారి ఒకదానికొకటి అతుక్కుంటాయి. అతుక్కున్న క్లచ్‌కి జారుడు ఉండదు, తర్వాతి లాంచ్‌లో టైరు బద్దలైనట్టే.

పరుగు అయ్యాక ప్రతి డిస్కూ మైక్రోమీటర్‌తో కొలవాలి. అరిగిన మందం లెక్కగట్టి మొత్తం డిస్కుల దొంతర ఎత్తు మళ్లీ అదే అంకెకి తేవాలి, షిమ్ములతోనో కొత్త డిస్కుతోనో. ఆ ఎత్తు మారితే లీవర్ కోణం మారుతుంది. కోణం మారితే అదే బరువు వేరే బలం ఇస్తుంది. "ఏమీ మార్చలేదు, అయినా బండి వేరేలా పోయింది" అనేవాళ్లలో సగం మంది ఇక్కడే పడతారు.

పాత_స్టీరింగు
క్లచ్ హౌసింగ్ డబ్బా గట్టిగా ఎందుకుండాలో కూడా రాయాల్సింది. 1970 మార్చి 8న లయన్స్ డ్రాగ్ స్ట్రిప్‌లో డ్రైవరు డాన్ గార్లిట్స్ బండి ట్రాన్స్‌మిషన్ పేలి పాదం కొంత పోయింది. ఆయన ఇంజన్ వెనక పెట్టిన డ్రాగ్‌స్టర్ కట్టింది దాని తర్వాతే. టాప్ ఫ్యూయల్ (సన్నటి పొడవాటి నైట్రో డ్రాగ్‌స్టర్ల తరగతి) అంతా ఆ దారి పట్టింది. ఫన్నీ కార్లు మాత్రం ముందు ఇంజన్‌తోనే మిగిలిపోయాయి. 1972 ఒంటారియో సూపర్‌నేషనల్స్‌లో జిమ్ డన్ వెనక ఇంజన్ ఫన్నీ కార్‌తో గెలిచాడు, అలా గెలిచినవాడు ఆయనొక్కడే.

క్లచ్_కుమార్
అవును, ముందు ఇంజన్ అంటే డ్రైవరు కాళ్ల మధ్యే క్లచ్. దానికి తోడు ఆ రోజుల ఫన్నీ కార్లలో లెన్కో లాంటి రెండు గేర్ల ప్లానెటరీ ట్రాన్స్‌మిషన్లు ఎక్కువ. క్లచ్, గేరు మార్పు రెండూ కలిసి ఆలోచించాలి. గేరు మారే క్షణానికి క్లచ్ ఎంత బిగిసి ఉందన్నది లీవర్ బరువే తేలుస్తుంది.

కరీంనగర్_క్రాంకు
టైరు వణుకు అంటరు గదా, అదేందన్నా అసలు? ఇంజన్ మిస్ కొట్టినట్టా?

క్లచ్_కుమార్
కాదు తమ్మీ. రబ్బరు మెత్తన, గాలి తక్కువ. లాంచ్‌లో రిమ్ము ముందుకు తిరుగుతుంది, టైరు పక్కగోడ మెలిపడి ముడత వేస్తుంది. చక్రం తగినంత వేగంగా తిరగకపోతే ఆ ముడత తిరిగొచ్చి నేలని తాకే చోట తనమీద తనే ఎక్కుతుంది. ఇక టైరు గుండ్రంగా తిరగదు, గెంతుతుంది. డ్రైవరుకి కళ్లు కనబడనంత వణుకు. మందు రెండు వైపులా ఉంది: చక్రం ఇంకాస్త తిరిగేలా బలం పెంచడం, లేదా బాగా తగ్గించడం. మధ్యలో ఉంటేనే వణుకు. ఆ వణుకులో డ్రైవరు కాలు ఒక్కసారి ఎత్తి మళ్లీ నొక్కితే టైరు సర్దుకుంటుంది, కానీ సెకనులో ముఖ్యమైన ముక్క పోతుంది. ఇంజన్‌కి కూడా మంచిది కాదు. ఎత్తి నొక్కే మధ్యలో సిలిండర్లలో ఇంధనం పోగవుతుంది, తిరిగి అంటుకునేటప్పుడు బ్లోయర్ లేచిపోవచ్చు.

జంగిల్_అభిమాని
ఇదంతా బండి గురించే. ప్రూడోమ్ డ్రైవింగ్ లెక్కలోకి రాదా? టాప్ ఫ్యూయల్‌లో ఇండీ ముందే గెలిచి, 1973లో ఫన్నీ కార్‌లోనూ గెలిచి, రెండిట్లోనూ ఇండీ గెలిచిన తొలి మనిషి అయ్యాడు.

పిస్టన్_పంతులు
వస్తుంది. చెట్టు (లైను దగ్గరి దీపాల స్తంభం) మీద దీపం పడ్డాక మనిషి కదలడానికి పట్టే కాలం ఎలాప్స్‌డ్ టైమ్‌లో (పరుగుకి పట్టిన సమయంలో) కలవదు. బండి లైను దాటాకే గడియారం మొదలవుతుంది. అందుకే 6.20 కొట్టినవాడు 6.15 కొట్టినవాడిని ఓడించగలడు, లైను దగ్గర 0.06 ముందు కదిలితే చాలు. కానీ మళ్లీ నా మాటే: బండిలో మిగులు ఉన్న డ్రైవరు లైను దగ్గర పందెం కట్టక్కర్లేదు. ఎదుటివాడు భయంతో ముందే కదిలి ఎర్ర దీపం తెచ్చుకుని ఓడిపోతాడు. ఆ రెండేళ్ల గెలుపుల్లో అలా వచ్చినవీ ఉండే ఉంటాయి.

బెజవాడ_బోల్టు
"ఉండే ఉంటాయి" అని పంతులుగారే అంటే ఇక మనం ఏమంటాం 😄

పాత_స్టీరింగు
అసలు ఆ మిగులు ఎంతో చెప్పే అంకె ఒకటుంది. 1975 అక్టోబరు 12, ఒంటారియో మోటార్ స్పీడ్‌వే, వరల్డ్ ఫైనల్స్: 5.98 సెకన్లు, గంటకి 241.53 మైళ్లు. ఫన్నీ కార్లలో ఆరు సెకన్ల లోపు మొదటి పరుగు. మన కొలతల్లో గంటకి 388 కిలోమీటర్ల పైన. పావు మైలు అంటే 402 మీటర్లు. నిలబడ్డ చోటు నుంచి లెక్కేసినా సగటు వేగమే గంటకి 242 కిలోమీటర్లు.

ఇక్కడో మెలిక. ఆ కాలంలో వేగం కొలిచే ఉచ్చు ముగింపు గీతకి 66 అడుగుల ముందు మొదలై 66 అడుగుల తర్వాత ముగిసేది. 1989లో దాన్ని గీత దగ్గరే ముగిసేలా మార్చారు. కాబట్టి పాత మైళ్లను కొత్త మైళ్లతో నేరుగా పోల్చకండి, పాతవాటికి గీత దాటాక కూడా లాగిన వేగం కొంత కలిసి ఉంటుంది. పైగా 2008 నుంచి ఎన్‌హెచ్‌ఆర్‌ఏ పెద్ద నైట్రో తరగతులకి దూరం 1000 అడుగులే. అందుకని సెకన్లు కూడా పోల్చడానికి లేదు.

కొలంబస్_కిట్టు
నా ప్రశ్నకి పంతులుగారి "మిగులు" బాగానే ఆనింది. కానీ మిగులు ఎలా వచ్చింది అన్నది ఇంకా గాలిలోనే ఉంది. రౌండుకీ రౌండుకీ మధ్య పిట్స్‌లో ఏం చేస్తారో ఎవరైనా వరసగా రాస్తారా?

మెకానిక్_మల్లేశం
రాస్తా. బండి వెనక్కి రాంగనే బాడీ లేపి కర్ర ఆనిస్తరు. మొదటి పని ఆయిల్ దించుడు. నైట్రో కలిసి బూడిదరంగులకు తిరిగి ఉంటది, ప్రతి పరుగుకీ మార్చాల్సిందే. దించిన ఆయిల్ని పళ్లెంల పోసి చూస్తే మెరుపులు కనిపిస్తయి. అల్యూమినియం అయితే పిస్టన్, రాగిరంగు అయితే బేరింగు.

ప్లగ్గులు ఎనిమిదీ తీసి, సిలిండర్ నంబరు ప్రకారం పెట్టి చూస్తరు. చివర కొద్దిగా కాలి ఉంటే సరే. ఎలక్ట్రోడ్ మొత్తం మాయమై, పింగాణీ మీద సన్న అల్యూమినియం చుక్కలు ఉంటే ఆ సిలిండర్‌ల ఇంధనం తక్కువైంది. తడిగ ఉంటే ఆ సిలిండర్ మధ్యల ఆరిపోయింది. ఒకటి గుర్తుపెట్టుకోండ్రి, సగం దూరం దాటినంక ప్లగ్గు సగం కరిగి ఉంటది, ఇంజన్ వేడికే మండుతుంటది. అందుకే మ్యాగ్నెటో ఆపినా ఇంజన్ ఆగదు, ఇంధనం మూయాలె.

తర్వాత వాల్వు కవర్లు, రాకర్లు, క్లియరెన్స్. కింద పాన్ విప్పి రాడ్ (పిస్టన్‌ని క్రాంకుకు కలిపే కడ్డీ) బేరింగులు. దెబ్బ పడేది పై షెల్ మీద, అది పలచబడి అంచులకు పాకితే డిటొనేషన్ అయినట్టు. ఆ సిలిండర్ పిస్టన్ పైకి తెచ్చి, డయల్ గేజీతోని డెక్ (బ్లాకు పై అంచు) నుంచి ఎంత లోతున ఉందో కొలుస్తరు. కిందటి పరుగు అంకె కంటే దిగింది అంటే అల్యూమినియం రాడ్ కుదించుకుపోయింది, లేదంటే పిన్ను వంగింది. చూడటానికి మంచిగనే ఉంటది, గేజీ ఒక్కటే నిజం చెప్తది. బెజవాడన్న చెప్పినట్టు డబ్బు అక్కర్కొచ్చేది గిక్కడనే. అంకె దిగిన రాడ్‌ని తీసేసేటోడు గెలుస్తడు, ఇంకొక్క పరుగు చూద్దామనేటోడు బ్లాకుల నుంచి రాడ్ బయటికి తెచ్చుకుంటడు.

లీక్‌డౌన్ (సిలిండర్‌ల గాలి ఎంత కారుతదో చూసే పరీక్ష) చేసి రింగులు చూస్తరు. డిటొనేషన్ అయితే రింగు గాడి నొక్కుకుపోయి రింగు కదలదు. హెడ్ తీసినప్పుడు రాగి గాస్కెట్ కొత్తది. ఈలోపట ఇంకొకరు క్లచ్ మీద, ఇంకొకరు పారాచూట్ మడుస్తుంటరు, ఇంకొకరు ఇంధనం కలుపుతుంటరు.

అన్నీ బిగించినంక స్టార్ట్ చేసే ముందు ప్లగ్గులు తీసి చేతితోని ఇంజన్ ఒక చుట్టు తిప్పుతరు. ఎక్కడన్న సిలిండర్‌ల ద్రవం నిలిచి ఉంటే, ప్లగ్గులు బిగించి స్టార్టర్ కొడితే అది కుదించుకోదు, రాడ్ వంగుతది లేదా హెడ్ లేస్తది. గా తర్వాత బండిని స్టాండ్ల మీద పెట్టి వేడి చేస్తరు. ఎగ్జాస్టుల నైట్రిక్ ఆమ్లం ఆవిరి ఉంటది, మాస్కు లేకుండ పక్కన నిలబడొద్దు.

సీతాకోక_వాల్వు
మల్లేశం అన్న రాసినదానికి ఒకటి కలుపుతా. సిలిండర్ ఆరిపోతే బండి ఎటు లాగుతుందో చూసి కూడా ఏ పక్క ఆరిందో చెప్పొచ్చు. ఎగ్జాస్ట్ గొట్టాలు బయటికీ పైకీ ఊదుతాయి, రెండు వైపుల తోపుడూ ఒకదాన్నొకటి సరిచేసుకుంటుంది. ఎడమ పక్క ఒకటి ఆరితే కుడి పక్క తోపుడు ఎక్కువై బండి ఎడమకి జరుగుతుంది. అంటే చచ్చిన సిలిండర్ వైపుకే. వీడియోలో బండి నెమ్మదిగా గోడ వైపో మధ్య గీత వైపో పోతుంటే ముందు గొట్టాల మంట లెక్కపెట్టండి.

జంగిల్_అభిమాని
నిప్పు సంగతి ఎవరూ అనలేదు. రాడ్ బయటికొస్తే ఆయిల్ వేడి గొట్టాల మీద పడుతుంది. బాడీ ఫైబర్‌గ్లాస్, డ్రైవరు దాని కింద, ఇంజన్ వెనకే. సెకను లోపల లోపలంతా పొగ. అప్పట్లో ఫన్నీ కార్ బాడీలు కాలిపోవడం మామూలే. కొత్త బాడీ అంటే డబ్బొక్కటే కాదు, రంగు వేసి, కొక్కేలు అమర్చి, అద్దాలు బిగించేలోగా రెండు పోటీలు పోతాయి.

పిస్టన్_పంతులు
నేను చెప్పాలనుకున్నదే. 1976లో ఎనిమిదికి ఎనిమిది ఫైనల్స్ చేరిన బండి అంటే రాడ్లు తన్నుకోలేదు, బాడీ కాల్చుకోలేదు, మధ్య రౌండ్లలో ఇంజన్ మార్చే తొందర పడలేదు అని అర్థం. ప్రూడోమ్ క్రూ చీఫ్ బాబ్ బ్రాంట్ లాంటి మనిషి ఏళ్ల తరబడి అదే బండి పక్కన ఉన్నాడు. జట్టులో మనుషులు మారకపోవడం కూడా సామానే. మొన్నటి ప్లగ్గు ఎలా ఉందో గుర్తున్నవాడే ఇవాళ్టి ప్లగ్గు చదవగలడు.

బెజవాడ_బోల్టు
ఒప్పుకుంటా, కానీ పూర్తిగా కాదు. మనుషులు నిలవాలంటే జీతం నిలవాలి. మళ్లీ డబ్బు దగ్గరికే వచ్చాం.

పాత_స్టీరింగు
ఫన్నీ కార్ డ్రైవరు జాన్ ఫోర్స్ 1996 సీజన్‌తో పోల్చితే ఎలా ఉంటుంది? 19 పోటీల్లో 13 గెలుపులు, 16 ఫైనల్స్. శాతం చూస్తే ప్రూడోమ్‌ది 87.5, ఫోర్స్‌ది 68. కానీ 19 పోటీలంటే 19 ట్రాకులు, 19 వాతావరణాలు. ఫోర్స్ క్రూ చీఫ్ ఆస్టిన్ కాయిల్ ట్యూనింగ్, కంప్యూటర్ రికార్డర్లు ఉన్నాయి నిజమే, ఎదుటివాళ్లకీ ఉన్నాయి.

జంగిల్_అభిమాని
ఫోర్సే. ఎనిమిదిలో ఒకటి ఓడితే గొప్ప, పంతొమ్మిదిలో మూడు తప్ప అన్ని ఫైనల్సూ చేరడం ఇంకా గొప్ప.

కొలంబస్_కిట్టు
నేను ఒప్పుకోను. 1976లో పరుగు రికార్డర్ లేదు. ప్లగ్గు, బేరింగు, డిస్కు చూసి ఊహించాలి. కళ్లతో చేసిన ట్యూనింగ్‌తో ఎనిమిది ఫైనల్స్.

క్లచ్_కుమార్
రెండు కాలాలనీ పోల్చలేం. ఫోర్స్ 1996 క్లచ్‌లో గాలితోనూ టైమర్లతోనూ దశలవారీగా బిగింపు నడిపించారు. 1976లో ఆ పని లీవర్ బరువు, స్ప్రింగు, డ్రైవరు పాదమే చేశాయి. పనిముట్లే వేరు.

కరీంనగర్_క్రాంకు
అన్నా, ఒక ఆలోచన. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌ల డ్రాగ్ మీట్లు అయితయి గదా. ఆర్‌సీ బొమ్మ కార్ల నైట్రో డబ్బా దొరుకుతది. పాత ఇంజన్ ఒకటి పట్టుకుంటే…

బెజవాడ_బోల్టు
ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

సీతాకోక_వాల్వు
😂 జోక్ పక్కన పెడితే, ఆ ఆలోచన వద్దు. బొమ్మ కార్ల ఇంధనంలో నైట్రో 10 నుంచి 30 శాతమే, మిగతాది మిథనాల్, ఆముదమో సింథటిక్ నూనెనో. ఆ నూనె ప్లగ్గులకి పడుతుంది, నాజిళ్లలో చేరుతుంది. పైగా మామూలు ఇంజన్ పంపు, పైపులు, రబ్బరు సీళ్లు మిథనాల్‌కే తట్టుకోవు. పెట్రోల్‌కి కట్టిన పంపు దీనికి కావలసినంత ప్రవాహం ఇవ్వదు. ఇంజన్‌కి ఇంధనం తక్కువై మొదటి పరుగులోనే పోతుంది.

కరీంనగర్_క్రాంకు
సరే సరే, ఇడిసిపెట్టిన. చూడాలంటే ఎక్కడ చూడాలె? పాత తీరు బండ్లు ఇంకా ఉరుకుతున్నయా?

పాత_స్టీరింగు
ఉరుకుతున్నాయి. కాలిఫోర్నియాలో బేకర్స్‌ఫీల్డ్‌కి ఉత్తరాన, మెక్‌ఫార్లండ్ దగ్గర ఫమోసో ట్రాకు ఉంది. మార్చ్ మీట్ పోటీ అక్కడే, 1959లో మొదలైంది. ఆర్ట్ క్రిస్‌మన్ గెలిచాడు మొదటిది. నాస్టాల్జియా (పాత తీరు) ఫన్నీ కార్లు అక్కడ పూర్తి పావు మైలు పరిగెడతాయి, 1000 అడుగులు కాదు. ఇప్పటివి ఐదున్నర సెకన్ల దగ్గర పోతాయి, ఆర్మీ మోంజా కంటే దాదాపు అర సెకను వేగం, చిన్న బ్లోయర్లతోనే.

వెళ్తే స్టాండ్‌లో కూర్చోవడం కంటే రౌండ్ల మధ్య పిట్స్‌కి వెళ్లండి. మల్లేశం రాసినవన్నీ తాడు అవతల నిలబడితే కనిపిస్తాయి. చెవుల్లో దూదిబిళ్లలు, వాటి పైన మఫ్స్, రెండూ పెట్టుకోండి. ఇంజన్ వేడి చేసేటప్పుడు గాలి ఎటు నుంచి వీస్తుందో చూసుకుని ఆ పక్కనే నిలబడండి, లేకపోతే కళ్లు నీళ్లు కారతాయి.

మెకానిక్_మల్లేశం
దూదిబిళ్లలు గావు, నురగవి తీసుకపోండ్రి, మందుల షాపుల దొరుకుతయి. మెల్లగ నలిపి లోపల పెట్టి, ఉబ్బేదాక వేలు తీయొద్దు.

కొలంబస్_కిట్టు
మల్లేశం అన్నా, ఆఖరి ప్రశ్న. రాడ్ లోతు అంకె ఎంత దిగితే తీసేయాలి?

మెకానిక్_మల్లేశం
రాడ్ ఎవరు చేసిన్రో వాళ్ల కాగితంల ఉంటది, ఒక్కో తయారీకి ఒక్కో హద్దు. ఆ కాగితం లేకుంటే ఎనిమిదీ కొలువు. ఏడు ఒక్క తీరుగ ఉండి ఒక్కటి దిగితే, ఆ ఒక్కటి బయటికి. ఎనిమిదీ దిగినయంటే శాతం తగ్గించు, టైమింగ్ వెనక్కి జరుపు, గప్పుడు రాడ్ల సంగతి చూడు.